పడటం నేర్చుకున్న ఎర్లీన్

న్యూ ఆర్లియన్స్‌కి దిగువన, బాయూ మార్గెరీట్ కాలువ పొడవునా ఎవరినడిగినా ఎర్లీన్ తెరియో గురించి ఒక మంచి మాట, రెండు ఫిర్యాదులు చెబుతారు. మంచి మాట ఏమిటంటే, రొయ్యల పడవ మీద ఆమెలా ఒళ్ళు వంచి పనిచేసే మనిషి మగవాళ్ళలో కూడా లేడని. ఫిర్యాదుల్లో మొదటిది ఆమె నోరు. రెండోది మొండితనం. ఏదైనా పట్టుకుందంటే మొగుడు చెప్పినా వదలదు, చర్చి ఫాదర్ చెప్పినా వదలదు. ఆ మొండితనమే లేకపోతే నేను ఇక్కడ చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు కాబట్టి, దాన్ని ఫిర్యాదుల్లో కలపడం నాకిష్టం లేదు.

వాళ్ళాయన కర్టిస్ పడవ నడిపితే ఎర్లీన్ వల లాగేది. ముప్ఫై ఏళ్ళు అదే పని. పడవ అంచు కమ్మీకి పొట్ట ఆనించి, నడుం దాకా బయటికి వంగి, నీళ్ళలోకి తొంగి చూస్తూ, చేతి మీద చెయ్యి వేసి లాగడం. కాళ్ళ కింద అంత బరువైన పడవ ఉండబట్టి ఎంత వంగినా ఏమీ అయ్యేది కాదు. ఇంతకాలం నీళ్ళ మీద బతికిన ఈ మనిషికి ఈత రాదు. ఆ సంగతి కర్టిస్‌కి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా కాలువ మీద రొయ్యలవాళ్ళని ఈత వచ్చా అని అడగడం మర్యాద కాదు. చాలామందికి రాదు. ముసలివాళ్ళు అదొక గొప్పలాగా చెప్పుకుంటారు కూడా. సముద్రం మధ్యలో, చీకట్లో, పడవ మీంచి పడ్డాక ఈత వచ్చినవాడు కాస్త ఎక్కువసేపు చస్తాడు, అంతే తేడా అంటారు. లైఫ్ జాకెట్లు అందరి పడవల్లోనూ ఉంటాయి. కోస్ట్ గార్డ్ వాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి. మిగతా రోజుల్లో అవి తలకింద దిండ్లు.

తరవాత బయటి దేశాల రొయ్యలు వచ్చి పడ్డాయి. ధర పడిపోయింది, డీజిల్ మండిపోయింది, పడవ అమ్మేశారు. టెక్సస్ నుంచి వచ్చి కొనుక్కున్నవాడు దాని పేరు కూడా చెరిపేశాడు. కర్టిస్ పడవలు కట్టే యార్డులో వెల్డింగ్ పనికి కుదిరాడు. ఎర్లీన్ పీతల షెడ్డులో చేరి, పొద్దస్తమానం గోడకేసి కూర్చుని ఉడికిన పీతల్లోంచి మాంసం తీసేది. సెలవు రోజున వంతెన మీద నిలబడితే, న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన డెంటిస్టులు ఒక్కొక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే రంగురంగుల ప్లాస్టిక్ కయాకుల్లో రెల్లుగడ్డి మధ్యకి దూరిపోయి, తన పడవ ఏనాడూ వెళ్ళలేని మోకాల్లోతు నీళ్ళలోంచి ఎర్రచేపలు పట్టుకొస్తూ కనపడేవాళ్ళు. అది చూసినప్పుడల్లా ఆమెకి కడుపు రగిలిపోయేది. తన నీళ్ళు, తన చేపలు, తను మాత్రం వంతెన మీద.

అంతలో పెద్ద తుఫాను వచ్చి, వాళ్ళింటి కప్పు సగం పట్టుకుపోయి, బదులుగా పెరట్లో అంజీర చెట్టు మీద నారింజ రంగు కయాక్ ఒకటి పెట్టి వెళ్ళింది. ఎవరిదో అంతు దొరకలేదు. చర్చిలో అడిగారు, కొట్టు దగ్గర కాగితం అంటించారు. ఎవరూ రాలేదు. కర్టిస్ దాన్ని చెట్టు మీంచి దించి, "దీన్లో మట్టి పోసి మిరప మొక్కలు పెట్టుకో," అన్నాడు.

"నిన్ను పాతిపెడతాను దీన్లో," అంది ఎర్లీన్.

అలా మొదలైంది. ఆ ఆదివారం చర్చి అయ్యాక రేవులో జనం కాఫీలు పట్టుకుని నిలబడి ఉండగా, ఎర్లీన్ కయాక్‌ని నీళ్ళలోకి తోసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడమేమిటి? నడక కంటే ముందు పిరోగ్ నేర్చిన పిల్ల. పిరోగ్ అంటే మా తాతలు చెక్కలతో కట్టుకున్న చిన్న బల్లపరుపు పడవ. దాన్లో నిలబడి, గడ కర్రతో నేలని తోస్తూ పోతాం. మా వాళ్ళెవరూ చిన్న పడవలో కూర్చోరు. కూర్చునేవాళ్ళు టూరిస్టులు. అందుకని ఎర్లీన్ తెల్ల రబ్బరు బూట్లు తొడుక్కుని, గడ కర్ర పట్టుకుని, కయాక్‌లో నిలబడింది.

అది ఆమెను ఒక్క క్షణం మోసింది. తరవాత బోర్లా పడింది.

నీళ్ళు అక్కడ రొమ్ముల దాకా ఉంటాయేమో, అంతకు మించి లేవు. కానీ బూట్లు నిండిపోయాయి. కాళ్ళు ఎటున్నాయో, తల ఎటుందో తెలియలేదు. పడ్డ చోటునుంచి చెయ్యి చాచి కయాక్ అంచు పట్టుకుంటే అది మళ్ళీ ఆమె మీదికే తిరగబడింది. కర్టిస్ రేవు మీద మోకాళ్ళ మీద కూలబడి, పడవ లాగే కొక్కెం కర్రతో ఆమె చొక్కా కాలరు తగిలించి లాగాడు. తడిసిన మూటలా చెక్కల మీద పడి, ముక్కులోంచి కాలువంతా కక్కింది.

"ఏమే ఎర్లీన్, షెడ్డులో పీతలు చాలడం లేదా? కిందికి దిగి వెతుక్కుంటున్నావు?" అన్నాడు ఆమె పెద్దమ్మ కొడుకు యులిస్. రేవంతా నవ్వింది.

"నీ అంత పీత అక్కడొకటుంది. పలకరించి వచ్చాను," అంది ఎర్లీన్. వాళ్ళు ఇంకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికెళ్ళి స్నానాల గదిలో తలుపు వేసుకుని టబ్బు అంచు మీద కూర్చుంది. భయం వేసింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, చచ్చేంత భయం వేసింది. అది తగ్గాక, భయపడ్డందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. మర్నాడు షెడ్డులో పని అవగానే ఇంటికి వెళ్ళకుండా ట్రిన్ దగ్గరికి వెళ్ళింది.

ట్రిన్ వియత్నాం వాళ్ళ పిల్ల, పుట్టింది మాత్రం ఇక్కడే. బడిలో పిల్లలకి ఈత నేర్పుతుంది, ఖాళీ రోజుల్లో పెద్ద రేవు దగ్గర కయాకులు అద్దెకిచ్చి నేర్పుతుంది. వాళ్ళ నాన్న, పేరు వో, ఆయన కూడా రొయ్యలవాడే. ఒకప్పుడు ఆయన వల, కర్టిస్ వల సముద్రంలో ముడిపడి, ఎవరి వల ఎవరు కొయ్యాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, తుఫాను తరవాత వో జనరేటరు తెచ్చి ఇచ్చేదాకా ఇద్దరికీ మాటల్లేవు.

"కయాక్‌లో చేపలు పట్టడం నేర్పాలి నువ్వు," అంది ఎర్లీన్.

"చేపల గురించి మీకు నేను చెప్పడమేమిటి మిస్ ఎర్లీన్. పడటం నేర్పుతాను."

"పడటం వచ్చు. నిన్న ఊరంతా చూసింది."

"మా నాన్న చెప్పాడు."

"మీ నాన్న అక్కడ లేడే."

"మీ బట్టలు ఆరకముందే ఆయనకి తెలిసింది," అంది ట్రిన్ నవ్వు ఆపుకుంటూ. "రేపు సాయంత్రం రండి. బూట్లు వద్దు. లైఫ్ జాకెట్ ఉందా?"

ఉంది. ఎర్లీన్ మర్నాడు దాన్ని చంకలో పెట్టుకొచ్చింది. పడవ మీద ఇరవై ఏళ్ళు తలకింద పెట్టుకున్న జాకెట్ అది. నొక్కుకుపోయి, మధ్యలో తల పట్టేంత గుంటపడి, జుట్టునూనె వాసన వేస్తోంది. ట్రిన్ దాన్ని తీసుకుని నీళ్ళలోకి విసిరింది. అది కాసేపు ఆలోచించుకుని, మెల్లగా మునిగిపోయింది.

ఆ జాకెట్ మీద తల పెట్టుకుని ఎన్ని రాత్రులు ఏ బెంగా లేకుండా నిద్రపోయిందో ఎర్లీన్‌కి తెలుసు.

కరకట్ట పొయ్యడానికి మట్టి తవ్వగా మిగిలిన గుంట ఒకటి రేవు వెనక ఉంది. ఒక చివర భుజాల లోతు, రెండో చివర మనిషి మునిగే లోతు. అక్కడే పాఠాలు. ట్రిన్ ఆమెకు కొత్త జాకెట్ తొడిగి, పట్టీలు ఊపిరాడనంతగా బిగించి, కయాక్‌లో కూర్చోబెట్టింది.

"ఒక్కటే సూత్రం మిస్ ఎర్లీన్. మీ ముక్కు ఎప్పుడూ మీ బొడ్డుకి సూటిగా పైన ఉండాలి. ముక్కు పక్కకి పోయిందా, తలకాయ బరువు పక్కకి పోయినట్టే. తల ఎటుపోతే మిగతాదంతా అటే పోతుంది."

"మరి చేప పక్కన ఉంటే?"

"చేపని మీ దగ్గరికి తెచ్చుకోండి. మీరు చేప దగ్గరికి వెళ్ళకండి."

వినడానికి ఎంత తేలికో, ఎర్లీన్ ఒంటికి అంత కష్టం. ట్రిన్ నీళ్ళలో ఒక సీసా వేసి అందుకోమంటే చాలు, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆమె నడుం దానంతటదే వంగిపోయేది, కమ్మీ ఉందనుకుని. కమ్మీ లేదు. బుడుంగుమనేది. లంగరు తాడు కట్టమంటే పిరోగ్‌కి కట్టినట్టు నడి మధ్యన పక్కకి కట్టేది. అలా కడితే ప్రవాహం పక్కనుంచి తోసి తిరగేస్తుందని, ముక్కుకో తోకకో కట్టాలని ట్రిన్ చెప్పి, నమ్మకపోతే చూడమని తాడు పట్టుకుని పక్కకి ఒక్క లాగు లాగింది. మళ్ళీ బుడుంగు. తెడ్డుకి తాడు కట్టి కయాక్‌కి తగిలించుకోవాలి. పడగానే అన్నిటికంటే ముందు కయాక్‌ని పట్టుకోవాలి, గాలి దాన్ని మన కంటే వేగంగా తీసుకుపోతుంది. ఎర్లీన్ అన్నీ విన్నది, విసుక్కుంది, చేసింది.

కయాక్ ఊగుతుంటే ఒళ్ళు కొయ్యలా బిగబట్టేసేది. "నడుం వదలండి, కింద అది ఊగితే ఊగనివ్వండి, పైన మీరు కదలకండి," అని ట్రిన్ గొంతు చించుకుంటే, ఒకరోజు ఎర్లీన్‌కి చటుక్కున వెలిగింది. శనివారం రాత్రి డాన్సు హాల్లో కర్టిస్‌తో వాల్ట్‌జ్ ఆడుతున్నప్పుడు తను చేసేది ఇదే కదా. కింద నడుం, కాళ్ళు అకార్డియన్ వాయింపుతో పోతుంటాయి. పైన తల మాత్రం గది దాటి నడుస్తున్న దొరసాని తలలా నిలకడగా ఉంటుంది. నోట్లో పాట సన్నగా తీసుకుంటూ నడుం వదిలింది. కయాక్ ఎంత ఊగినా ఆమె ముక్కు బొడ్డు మీదే నిలిచింది.

"అదీ," అంది ట్రిన్. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"మీ నాన్నకి చెప్పకు. వారానికొకసారి బీరు తాగే చోట."

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు తిరిగి ఎక్కడం దగ్గర వచ్చింది. లోతు నీళ్ళలో, కాళ్ళకి నేల తగలకుండా, ఎవరి సాయం లేకుండా. అది రాకపోతే ఒంటరిగా చేపలకి పోవడం మాట మరిచిపొమ్మని ట్రిన్ మొదటిరోజే ఖండితంగా చెప్పింది. ఎర్లీన్ చేతుల్లో బలానికి కొదవలేదు. ఆ బలమే కొంప ముంచింది. గోడ ఎక్కే దొంగలా నిటారుగా పైకి లాగుకునేది. కాళ్ళు కయాక్ అడుగుకి జారిపోయేవి, కయాక్ ఆమె నెత్తి మీదికి వచ్చేది. తొడల మీద, చంకల కింద నల్లగా కమిలిపోయింది. షెడ్డులో ఆడవాళ్ళు ఆ మచ్చలు చూసి, కర్టిస్ ఎదురుపడితే కోపంగా చూడటం మొదలుపెట్టారు.

"ముందు కాళ్ళు పైకి తేలాలి," అని ట్రిన్ నీళ్ళలో పక్కనే ఉండి చెప్పేది. "బోర్లా పడుకోండి. మొహం నీళ్ళకి తగలనివ్వండి. తన్నండి. మీరు కయాక్ ఎక్కొద్దు, కయాక్‌ని మీ పొట్ట కిందికి లాక్కోండి."

మొహం నీళ్ళకి తగిలేసరికి ఎర్లీన్ ఊపిరి బిగుసుకుపోయేది, కాళ్ళు వాటంతటవే కిందికి దిగి నేలని వెతుక్కునేవి. ట్రిన్ కొన్నాళ్ళు చూసింది. ఒకరోజు గట్టు మీద కూర్చోబెట్టి, తువ్వాలు చేతికిచ్చి, మెల్లగా అడిగింది.

"మీకు ఈత రాదు కదా మిస్ ఎర్లీన్?"

ఎర్లీన్ నీళ్ళు నమిలింది. "ఇన్నేళ్ళు నీళ్ళ మీద బతికినదాన్ని పట్టుకుని..."

"నీళ్ళ మీద. నేనడిగింది నీళ్ళలో."

ఎర్లీన్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, తుడుచుకుని, చివరికి రాదన్నట్టు తల ఊపింది. తుమ్మెద కూడా వినకూడదన్నట్టు చుట్టూ చూసింది.

"మా నాన్నకీ రాదు," అంది ట్రిన్. "నేను ఈత మాస్టర్ని ఎందుకయ్యాననుకుంటున్నారు? ఇప్పటిదాకా మీరు రెండో పాఠం చదువుతున్నారు. రేపటినుంచి మొదటిది చదువుదాం."

మొదటి పాఠం సిగ్గు చచ్చే పాఠం. భుజాల లోతులో నిలబడి, మొహం నీళ్ళలో పెట్టి, బుడగలు వదలాలి. ట్రిన్ బడిలో అయిదారేళ్ళ పిల్లలకి చెప్పేది అదే. ఎర్లీన్ బుడగలు వదిలింది. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ తేలింది. రోజూ షెడ్డు నుంచి పీతల కంపుతో నేరుగా అక్కడికే. అక్టోబరు దగ్గర పడుతోంది. చల్లబడ్డాక ఎర్రచేపలు లోపలి చెరువుల్లోకి వస్తాయి. ఆ లోపు తను చెరువులో ఉండాలి, అంతే.

ఇంట్లో కర్టిస్ ఏమీ అడిగేవాడు కాదు. ఒక సాయంత్రం వసారాలో బఠాణీలు ఒలుస్తూ తనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు రేవులో నువ్వు పడితే నేనెందుకు దూకలేదో అడగలేదేం?"

"చేతిలో కొక్కెం ఉంది కదా."

"కొక్కెం అందకపోతే?"

"అందకపోతే దూకేవాడివి." ఆమె కాయ ఒలవడం సగంలో ఆపింది. కర్టిస్ తల ఎత్తలేదు. "చిన్నప్పుడు ఈ కాలువ అడ్డంగా ఈదావని నువ్వే కదా చెప్పావు. మా నాన్న ముందు కూర్చుని చెప్పావు."

"మీ నాన్న ముందు చాలా చెప్పాను."

అప్పుడు అర్థమైంది ఎర్లీన్‌కి, వాడికీ ఈత రాదని. ముప్ఫై ఏళ్ళు, ఎంత గాలిలోనైనా, కమ్మీ మీంచి అంత ధైర్యంగా వంగింది దేన్ని చూసుకుని? వెనకాల కర్టిస్ ఉన్నాడు, పడితే దూకుతాడు అని. ఆ నమ్మకం కూడా ఆ జాకెట్ లాంటిదే అన్నమాట. బఠాణీల గిన్నె తీసి వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

"ముప్ఫై ఏళ్ళు ఎలా దాచావురా దొంగమొహమా?"

"నువ్వు భయపడతావని."

"నేను కాదు, నువ్వు."

"నేనే," అన్నాడు కర్టిస్. "ప్రతిరోజూ భయపడ్డాను. నువ్వు వంగినప్పుడల్లా." ఇంకో కాయ అందుకుని, "ఆ కయాక్ నా ట్రక్కు లేకుండా చెరువుకి చేరదు. నువ్వు లోతులో పడి, నీ అంతట నువ్వు ఎక్కడం నేను కళ్ళారా చూడాలి. చూసేదాకా ట్రక్కు తియ్యను. నేను నిన్ను నీళ్ళలోంచి తీసుకురాలేను ఎర్లీన్. అది తెలిసి పంపలేను."

ఎర్లీన్ గిన్నె నెత్తిన బోర్లించలేదు. మర్నాడు గుంట లోతు చివరికి వెళ్ళి ఎన్నిసార్లు పడిందో ట్రిన్‌కే విసుగొచ్చింది. తిరగబడ్డ కయాక్‌ని అటువైపు అంచు అందుకుని తిప్పాలి. మొహం నీళ్ళలో పెట్టాలి. బుడగలు వదలాలి. కాళ్ళు తేలాలి. తన్నాలి. సరిగ్గా కాళ్ళు తేలినప్పుడే లాగాలి. అది కుదిరిన మొదటిసారి, సీటుకి అడ్డంగా పొట్ట ఆనించి పడుకుని, లేవడం మరిచిపోయి ఏడ్చింది. ట్రిన్ కూడా ఏడ్చింది గానీ, తను నీళ్ళలో ఉండబట్టి తెలియలేదు.

కర్టిస్ వచ్చి గట్టు మీద నిలబడి చూశాడు. ఒకసారి చూశాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. ఇంకోసారి చెయ్యమన్నాడు. గాలి ఉన్న రోజున మళ్ళీ రమ్మన్నాడు. అప్పుడూ ఎక్కింది. ఇంటికొస్తూ దారిలో ట్రక్కు ఆపి ఆమెకి కొత్త చేపల గాలం కొన్నాడు.

పూల్‌దూ చెరువు మా కరకట్ట కిందే మొదలవుతుంది. చాలా భాగం నడుం లోతు, కొన్నిచోట్ల రొమ్ముల లోతు. మధ్యలో మాత్రం ఎప్పుడో చమురు కోసం తవ్వి వదిలేసిన కాలువ ఒకటి నిట్టనిలువుగా దిగిపోయి ఉంటుంది. దాని ఒడ్డున గడ్డిలోనే పెద్ద చేపలు మేస్తాయి. కర్టిస్ కయాక్ దించి, జాకెట్ పట్టీలు తన చేత్తో ఇంకోసారి బిగించి, కరకట్ట మీద ట్రక్కు తలుపు తీసుకుని కూర్చున్నాడు.

ఎర్లీన్ తెడ్డు వేస్తూ గడ్డిలోకి వెళ్ళింది. పొద్దుటి వెలుగులో నీళ్ళు తేటగా ఉన్నాయి. తన పడవ ఇంజను మోత లేని చెరువు ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకూ వినలేదు. చేప తోక నీళ్ళని చీల్చిన చప్పుడు వినిపించింది. గాలం వేసింది. చిన్నవి రెండు దొరికాయి. వదిలేసింది. మూడోసారి పట్టుకున్నది చిన్నది కాదు. అది కయాక్‌ని ముక్కు పట్టుకుని లాగినట్టు లాక్కుంటూ గడ్డి దాటించి, నల్లటి కాలువ మీదికి తీసుకుపోయింది. ఎర్లీన్ నవ్వుతోంది. నడుం వదిలి, తల నిలిపి, దాని ఒంట్లో బలం ఊడ్చుకుపోయేదాకా ఓపిక పట్టి, మెల్లగా పక్కకి తెచ్చింది. రాగి రంగు చేప, తోక మీద నల్లచుక్క, ఆమె చేతంత పొడుగు.

దాని మొహం చూద్దామనుకుంది. అంతే. ఒక్కసారి మొహం చూద్దామని వంగింది, కమ్మీ ఉన్నట్టు.

చన్నీళ్ళు చెవుల్లోకి వచ్చాయి. కాళ్ళు కిందికి దిగి నేలని వెతికాయి. నేల లేదు. ఒక్క క్షణం ఆమెలో ప్రతిదీ అరిచింది. జాకెట్ ఆమెను పైకి తెచ్చింది. కయాక్ అడుగు పక్కనే తళతళలాడుతోంది, గాలి అప్పుడే దాన్ని తోస్తోంది. చెయ్యి వేసి పట్టుకుంది. తిప్పింది. మొదటిసారి తొందరపడి నిటారుగా లాగింది, అది మీదికొచ్చింది. మునిగింది. లేచి, "బుడగలు," అనుకుంది గట్టిగా, పిల్లకి చెప్పినట్టు. మొహం నీళ్ళలో పెట్టి ఊపిరి మొత్తం వదిలింది. కాళ్ళు తేలాయి. తన్నింది, లాగింది. పొట్ట కింద ప్లాస్టిక్ తగిలింది. అలాగే పడుకుని, దగ్గి, మెల్లగా తిరిగి, పిర్రలు సీట్లో పడేసి, కాళ్ళు లోపలికి తెచ్చుకుని కూర్చుంది. చేప లేదు, గాలం దారం తెగి వేలాడుతోంది. తెడ్డు తాడుకి ఉంది. తను ఉంది. గుండె పండగ చేసుకుంటోంది.

అప్పుడు తల తిప్పి చూసింది. కరకట్ట మీద ట్రక్కు తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. గడ్డి దాటి, సరిగ్గా కాలువ దిగిపోయే అంచు దగ్గర, గెడ్డం దాకా నీళ్ళలో కర్టిస్ నిలబడి ఉన్నాడు. అంత దూరం బురదలో ఎలా వచ్చాడో వాడికే తెలియాలి. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"నువ్వక్కడేం చేస్తున్నావు?" అని అరిచింది.

"నేల ఇక్కడితో అయిపోయింది," అన్నాడు కర్టిస్. "కాలు ఇరుక్కుంది ఎర్లీన్. రావడం లేదు."

ఆమె తెడ్డు వేసింది. ఆత్రంగా కాదు, ట్రిన్ నేర్పినట్టు. దగ్గరికి రాగానే వాడు చెయ్యి చాచాడు.

"పక్క పట్టుకోకు, ఇద్దరం పోతాం. వెనక్కి రా, తోక పట్టుకో. రెండు చేతులతో. బూటు వదిలెయ్, అక్కడే పోనీ. ఇప్పుడు బోర్లా పడుకో."

"మునుగుతాను."

"మునగవు. నేనున్నాను. కాళ్ళు పైకి తేలనియ్."

కాసేపటికి బూటు వదిలింది, కాళ్ళు తేలాయి. కయాక్ తోకకి వేలాడుతున్న అంత పెద్ద మొగుణ్ణి లాక్కుంటూ ఎర్లీన్ గట్టు వైపు తెడ్డు వేసింది. వెనకనుంచి వాడి ఊపిరి వినిపిస్తోంది.

"నువ్వు రెండోసారి మునిగినప్పుడు," అన్నాడు కర్టిస్, "ఇంకో కాలు ఎత్తాను. లోతులోకి వేద్దామని."

"నీకు ఈత రాదు కదరా."

"తెలుసు. ఎత్తాను. అప్పుడే నువ్వు ఎక్కి కూర్చున్నావు."

ఎర్లీన్ చేతుల్లో తెడ్డు ఆగింది. తను ఇంకొక్కసారి తొందరపడి ఉంటే ఏమయ్యేదో కళ్ళముందు కనిపించింది. వెనక్కి తిరిగి వాణ్ణి తిట్టాలనుంది, పట్టుకోవాలనుంది. తిరిగితే కయాక్ ఊగుతుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా, తల నిలిపి, సూటిగా ముందుకే చూస్తూ మళ్ళీ తెడ్డు వేసింది.

"కాళ్ళు ఆడించు," అంది.